సరుకు అక్కడ, కొసరు ఇక్కడ

మొన్న ఖమ్మంలో కొత్తగా తెరిచిన ఒక పెద్ద దుకాణానికి వెళ్లాను. అక్కడ సామాను మనమే తీసుకుని బుట్టలో వేసుకోవాలి. బయటికి వచ్చేచోట ఒకమ్మాయి కూర్చుని బిల్లు కొడుతుంది. నా ముందు ఒక ముసలామె నిలబడి ఉంది. చేతిలో కందిపప్పు ప్యాకెట్టు ఉంది. డబ్బులిచ్చేసిన తర్వాత కూడా ఆమె కదల్లేదు. కొసరు ఏదని అడిగింది. బిల్లు కొట్టే అమ్మాయికి ఆ మాట అర్థం కాలేదు. పక్కన నిలబడ్డ మేనేజరుకు అర్థమైంది, నవ్వాడు. ప్యాకెట్టుకు కొసరు ఉండదనీ, కంపెనీ వాళ్లు సీలు వేసి పంపుతారనీ చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. ఆమె సిగ్గుపడి గబగబా వెళ్లిపోయింది.

నాకు ఆ నవ్వు చూసి ఒళ్లు మండింది. ఇంటికొచ్చే దారి పొడుగునా మా ఊరి దుకాణం మామే కళ్లముందు ఉన్నాడు. కొత్తగా గుర్తొచ్చాడని చెప్పను. ఆయన పోయినప్పటి నుంచీ నాకు మా ఊరి మీద ఒక కోపం ఉంది, అది తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా నాకు లేదు.

మా ఊరు జూలూరుపాడు దాటి అడవిలోకి వెళ్లే రోడ్డు మీద ఉంటుంది. ఊరికి ముందు వాగు, వెనక అడవి. వాగు మీద వంతెన లేదు, చప్టా ఉంది. వాన గట్టిగా కురిస్తే చప్టా మునిగి బస్సు ఆగిపోతుంది. మావాళ్లు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొని మిరపతోటలు వేసిన రైతులు. నాకు ఊహ తెలిసేసరికి, అంటే డెబ్భైల్లో, బస్సు ఆగేచోట ఒక పెంకుటింటి ముందుగదిలో ఆయన దుకాణం ఉండేది. బోర్డు లేదు. ఉప్పూ పప్పూ దగ్గర్నుంచి తువ్వాళ్లు, తెల్లగుడ్డ తానుల దాకా అమ్మేవాడు. సాయిబు దుకాణం అనేవారు. నేను ఆయన్ను మామా అని పిలిచేదాన్ని. ఇక్కడ ఆయన పేరు రాయను. రాస్తే మనవాడి పేరు అచ్చులో వచ్చిందని మా ఊరు మురిసిపోతుంది. ఆ ముచ్చట నేను తీర్చను.

పొట్టి మనిషి. గళ్ల లుంగీ, చేతుల బనీను, ముక్కు మీదికి జారిపోయే కళ్లద్దాలు. మంచివాడు అని చెప్పడానికి వీల్లేనంత కోపిష్టి. బెల్లం దిమ్మ మీద చెయ్యి వేస్తే కసురుకునేవాడు. మూడోసారి బేరమాడితే కట్టిన పొట్లం విప్పి, సరుకు మళ్లీ డబ్బాలో పోసేసి, ఇక మాట్లాడేవాడు కాదు. కొందరికి అసలు అమ్మేవాడే కాదు. మొన్ననే కదా అగ్గిపెట్టెలు తీసుకెళ్లావు, ఇల్లేమైనా తగలబెడుతున్నావా అని మా అమ్మనే ఒకసారి వెనక్కి పంపాడు. అమ్మ ఇంటికొచ్చి తిట్టుకుంది. తర్వాత వెతికితే అటక మీద అగ్గిపెట్టెలు దొరికాయి. అప్పుడు ఆయన్ను ఇంకా గట్టిగా తిట్టుకుంది.

తూకం దగ్గర ఆయన పిసినారితనం చూడాలి. తక్కెడ ముల్లు నిలబడేదాకా ఊపిరి బిగబట్టి చూసేవాడు. ఒక్క పప్పుగింజ ఎక్కువైనా వేలితో తీసేసేవాడు. అలా తీసేసి, తూకం సరిపోయిందని అందరికీ చూపించి, పొట్లం కట్టబోయే ముందు గుప్పెడు పప్పు తీసి అందులో పోసేవాడు. ఆ పోసేటప్పుడు మాత్రం తల తిప్పుకుని రోడ్డు వైపు చూసేవాడు. తక్కువైందా ఎక్కువైందా చూసుకునేవాడు కాదు. ఎందుకలా చూస్తావని ఒకసారి అడిగాను.

"తూకం నాది బిడ్డా, కొసరు నీది. నీ దాని దిక్కు నేనెందుకు చూస్త?" అన్నాడు.

పప్పుకు పప్పే కొసరు. చిన్న సరుకు కొంటే దొడ్లో చెట్టు నుంచి కరివేపాకు రెబ్బ, రెండు ఎండుమిరపకాయలు. పిల్లలు వస్తే బెల్లం ముక్క. సంతరోజు అడవి లోపలి గూడేల నుంచి కోయవాళ్లు వచ్చేవారు. చింతపండు, కుంకుడుకాయలు, చీపుర్లు తెచ్చి అమ్ముకుని, ఆ డబ్బుతో ఉప్పు, ఎండుచేపలు కొనుక్కుని చీకటి పడకముందే వెళ్లిపోవాలి. ఆయన వాళ్లతో వాళ్ల భాషలోనే మాట్లాడేవాడు, వాళ్ల భాషలోనే కసురుకునేవాడు. దోసెడు ఉప్పు కావాలన్నా ఇచ్చేవాడు, చిన్న సీసా అడుగున నూనె కావాలన్నా పోసేవాడు. అంత కొంచెం అమ్మితే ఆయనకు మిగిలేదేమిటో నాకిప్పటికీ తెలియదు. కోయ ముసలాయన అయినా మా పెదనాన్న అయినా దుకాణం ముందు ఉన్నది ఒకటే బల్ల. ముందొచ్చినవాళ్లు దాని మీద కూర్చుంటారు.

ఆయనకు ఒక నియమం ఉండేది. అలాంటి వ్యాపారిని నేను మళ్లీ చూడలేదు. ఊళ్లో ఇంకొకరు అమ్మే వస్తువు ఆయన అమ్మేవాడు కాదు. సూదులు, దారం, పిన్నీసులు గాజులామె అమ్ముతుంది, అందుకని ఆయన దగ్గర దొరకవు. బీడీలు, బిస్కెట్లు ఎదురుగా హోటలాయన అమ్ముతాడు, అందుకని అవీ ఉండవు. నూనె గానుగాయన దగ్గర కొని తెచ్చి విడిగా అమ్మేవాడు గానీ, పట్నం నుంచి డబ్బాలు దింపలేదు. ఒకసారి సంతకు వచ్చిన కోయామె సూది అడిగితే, దుకాణం వదిలిపెట్టి బజారు చివరిదాకా నడిచి గాజులామె ఇల్లు చూపించి వచ్చాడు. ఇంతలో ఇక్కడ నలుగురు వచ్చి చూసి వెళ్లిపోయారు. మీరే ఒక డబ్బా సూదులు తెచ్చిపెట్టుకోవచ్చు కదా అని మా అమ్మ అంది. దానికి ఆయన చెప్పిన మాట అమ్మ చాలా ఏళ్లు చెప్పుకుంది.

"అందరి ముల్లె నేనే మూటగట్టుకుంటే, రేపు నా కాడికి ఏం పట్టుకొని వస్తరు చెల్లెమ్మా?"

ఇంట్లో టీ పెట్టుకోవడానికి ఆయనకు చక్కెర కరువా, పాలు కరువా? అయినా రోజూ పొద్దున రోడ్డు దాటి ఎదుటి హోటల్లోనే టీ తాగేవాడు. టీ బాగోలేదని రోజూ హోటలాయన్ను తిట్టేవాడు. మర్నాడు మళ్లీ వెళ్లేవాడు. చెప్పులు మా ఊళ్లో కుట్టినవే తొడిగేవాడు, అవి కరిచి మడమలు పుండ్లు పడితే కుట్టినవాడి దగ్గరికే వెళ్లి చూపించి దెబ్బలాడేవాడు. ఖమ్మం వెళ్లినప్పుడు మంచి చెప్పులు కొనుక్కోవచ్చు కదా మామా అంటే, ఖమ్మంవాడు వచ్చి నా దగ్గర ఉప్పు కొంటాడా అని అడిగాడు.

ఎనభైల్లో ఊరికి కొత్త దుకాణం వచ్చింది. లారీలున్న ఒక షావుకారుది. కొత్తగూడెంలో ఒకటి, ఇంకా ఎక్కడెక్కడో కొన్ని ఉన్నాయట, మా ఊళ్లో ఒకటి పెట్టాడు. ఆయన రాడు, ఆయన పెట్టిన గుమాస్తా పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు వెళ్లిపోతాడు. ట్యూబులైట్లు, ఇనప షట్టరు, గోడ నిండా రంగు రంగుల ప్యాకెట్లు. ఉప్పు నుంచి గాజుల దాకా, బీడీల నుంచి ప్లాస్టిక్ చెప్పుల దాకా అన్నీ ఒకేచోట. ధర కొంచెం తక్కువ. పండగ ముందు కొంటే స్టీలు గ్లాసు ఊరికే ఇచ్చేవారు. మా ఊరు ఆ గ్లాసుకు పడిపోయింది. ఇప్పటికీ ఆ ఊళ్లో ఏ ఇంటికి వెళ్లినా ఆ గ్లాసులోనే మంచినీళ్లిస్తారు. నేను తాగను.

విడిగా అమ్మడం అక్కడ లేదు. దోసెడు ఉప్పు అడిగిన కోయవాళ్లను గుమాస్తా షట్టరు దగ్గరే ఆపి ప్యాకెట్టు కొంటేనే లోపలికి రమ్మనేవాడు. వాళ్లు మామ దగ్గరికే వచ్చేవారు. కానీ వాళ్ల దోసెళ్లతో దుకాణం నడవదు కదా. దుకాణాన్ని నిలబెట్టాల్సినవాళ్లు, బస్తాలు, డబ్బాలు కొనేవాళ్లు, మేమందరం అటు వెళ్లాం.

వెళ్లినా ఊరుకున్నామా? ప్యాకెట్లో కరివేపాకు రాదు. మిరపకాయ రాదు. కొత్త దుకాణంలో సరుకు కొనుక్కుని, సంచీ వెనక్కి దాచుకుని, మామ దుకాణం ముందు ఆగి రెండు రెబ్బల కరివేపాకు ఇమ్మని అడిగేవారు. ఆ సంచీ ఆయనకు కనిపించేది. ఆయన లేచి దొడ్లోకి వెళ్లి రెబ్బ తుంచుకొచ్చి ఇచ్చేవాడు. ఒకరోజు హోటలాయన భార్య అలాగే వచ్చింది. ఆమె సంచీలోంచి చక్కెర ప్యాకెట్టు తొంగి చూస్తోంది. ఎవరి మేలు కోరి ఈయన తన దుకాణంలో ఒక్క బీడీకట్ట కూడా పెట్టుకోలేదో, వాళ్ల ఇంటి మనిషే ఆమె. మామ కరివేపాకు ఆమె చేతిలో పెట్టి, "సరుకు అక్కడ, కొసరు ఇక్కడ. మంచిగున్నది" అన్నాడు. ఆమె ఆ మాటను బజారంతా చెప్పి నవ్వించింది. ఊరికి అదొక జోకైపోయింది.

ఆయన మాత్రం మర్నాడు రోడ్డు దాటి అదే హోటల్లో టీ తాగాడు. సిగ్గులేదా మామా, వాళ్ల టీ ఎందుకు తాగుతున్నావని నిలదీశాను. అప్పటికి నేను ఖమ్మంలో కాలేజీలో చదువుతున్నాను, నోరు కాస్త పెద్దది. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని, వాడు నా దగ్గర కొనడం మానేశాడు, నేను కూడా వాడి దగ్గర తాగడం మానేస్తే ఇద్దరం పోతాం, ఒక్కడన్నా మిగలాలి కదా అన్నాడు.

ఆ తర్వాత ఒక ఏడు వాన పట్టుకుంది. పట్టిన వాన వదల్లేదు. వాగు పొంగి ఒడ్లు దాటింది. చప్టా కనిపించకుండా పోయింది, బస్సు లేదు. సెలవులకు ఇంటికొచ్చిన నేను కూడా ఊళ్లోనే చిక్కుకుపోయాను. కొత్త దుకాణం గుమాస్తా వాగు పొంగే సూచన చూడగానే షట్టరుకు తాళం వేసి, మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయాడు. సరుకంతా లోపలే ఉంది, తాళంచెవి వాగుకు అవతల ఉంది. ఊరంతా వెళ్లి ఆ షట్టరు ముందు నిలబడి, తాళాన్ని చూసి, తలలు వంచుకుని మామ దుకాణానికి వచ్చింది.

ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. అనకపోవడం ఆయన అలవాటు కాదు, నాకే ఆశ్చర్యం వేసింది. ఇంటికింత అని ఉప్పూ పప్పూ కిరసనాయిలూ కొలిచి ఇచ్చాడు. ధర పైసా పెంచలేదు. గూడేల వాళ్లు చెట్ల మధ్య దారిన తడుస్తూ వచ్చారు. వాళ్లకూ అంతే, మాకూ అంతే. మా పెదనాన్న పాలేరుతో బండి కట్టించుకుని వచ్చాడు. ఊళ్లో అందరికంటే ఎక్కువ భూమి ఆయనదే.

"ఒక ఉప్పు బస్తా వేయించండి సాయిబు గారూ. ధర ఎక్కువైనా ఫరవాలేదు, ఇస్తాను," అన్నాడు.

"బస్తా మీకిస్తే ఊరు చప్పిడి తింటది అయ్యగారూ. మీ ఇంటికెంత కావాల్నో గంత తీస్కపోండ్రి," అన్నాడు మామ.

పెదనాన్న ముఖం గంటు పెట్టుకుని చిన్న పొట్లంతో బండెక్కాడు. ఆ రోజుల్లోనే మొదటిసారి మామ కొసరు వేయడం మానేశాడు. కొలిచింది పొట్లం కట్టి చేతిలో పెట్టేసేవాడు. అలవాటుగా నిలబడ్డ ఒకామెతో, నీ కొసరు ఇవాళ నీ వెనకామెకు అన్నాడు. వెనక చాలామంది ఉన్నారు. వాగు తగ్గేనాటికి ఆయన డబ్బాలన్నీ ఖాళీ. ఊళ్లో మాత్రం ఒక్క పొయ్యి ఆరలేదు.

వాగు తగ్గాక మొదట వచ్చింది కొత్త దుకాణం లారీయే. తడిసిన ఊరికి సాయమని చెప్పి ధర ఇంకొంచెం తగ్గించారు. మావాళ్లు అటే వెళ్లారు. ఇన్నాళ్లు సాయిబు గారిని ఇబ్బంది పెట్టాం, పాపం ఆయన దగ్గర సరుకు కూడా లేదు అనుకుంటూ వెళ్లారు. ఆయన మళ్లీ సరుకు దింపాడు. అయినా అటే వెళ్లారు.

కానీ మా ఊరికి కృతజ్ఞత లేదని ఎవరూ అనకూడదు కదా. పెదనాన్న పెద్దమనిషిగా ఒక కమిటీ కూర్చుంది. వానల్లో ఊరిని ఆదుకున్నందుకు సాయిబు గారికి సన్మానం చేయాలని తీర్మానించారు. బడి ఆవరణలో బల్లలు వేశారు, మైకు పెట్టారు. నేను ఖమ్మం నుంచి దానికోసమే వచ్చాను. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అత్తమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. అత్తమ్మ అంటే ఆయన భార్య, నేను అలాగే పిలిచేదాన్ని. ఆయన ముఖం చూస్తే ఆ రోజు నిజంగానే సంతోషంగా ఉన్నాడనిపించింది. ఒక్కొక్కరే లేచి పొగిడారు. దేవుడన్నారు, అన్నదాత అన్నారు. హోటలాయన మైకు పట్టుకుని ఏడ్చాడు కూడా. చివరికి పెదనాన్న లేచి ఆయన భుజాల మీద శాలువా కప్పాడు, చేతిలో కొబ్బరికాయ, పళ్లు పెట్టాడు. చప్పట్లు కొట్టారు.

మామ శాలువా అంచు పట్టుకుని తిప్పి చూశాడు. అంచుకు చిన్న కాగితం కుట్టి ఉంది, దాని మీద కొత్త దుకాణం ముద్ర. దాన్ని వేలితో తడిమాడు. మైకు ఇంకా ఆయన ముందే ఉంది.

"ఇది యాడ కొన్నరు అయ్యగారూ?"

పెదనాన్న కొంచెం తడబడి, కొత్త దుకాణంలోనే, మంచి రకమే తెప్పించామన్నాడు. కొబ్బరికాయ కూడానా అని అడిగాడు మామ. అవునన్నాడు. మామ దుకాణంలో గోడకు తువ్వాళ్లు, శాలువాలు వేలాడుతున్నాయి. కొబ్బరికాయలు గుమ్మం పక్కన కుప్పపోసి ఉన్నాయి. ఆ గుమ్మం ముందు నుంచే ఈ సామానంతా బడిదాకా మోసుకొచ్చారు. ఇంతమంది పెద్దమనుషుల్లో ఒక్కరికి కూడా తట్టలేదు. ఆలోచించి చేసిన అవమానమైతే నేను ఎప్పుడో క్షమించేదాన్ని. అది అలవాటు. ఆయన పొగడడానికి, ఆ దుకాణం కొనడానికి అని మావాళ్లు మనసులో పంచేసుకున్నారు.

మామ శాలువా తీసి చక్కగా మడత పెట్టాడు. దుకాణదారుడి చేతులు కదా, మడత కొత్తదానిలాగే వచ్చింది. దాన్ని పెదనాన్న చేతిలో పెట్టి, వాపసు తీసుకుంటాడేమో అడగండి అన్నాడు. తర్వాత అందరి వైపు తిరిగాడు.

"నన్ను పొగడొద్దు. నా కాడ ఉప్పు కొనుండ్రి."

అంతే అన్నాడు. అత్తమ్మను తీసుకుని వెళ్లిపోయాడు. నలుగురైనా మర్నాడు ఆయన దుకాణం మెట్లెక్కుతారని నేను ఎదురుచూశాను. పిచ్చిదాన్ని. సాయిబుకు ఎంత పొగరో చూశారా, ఇంత గౌరవం చేస్తే మొహాన కొట్టాడు అని ఊరంతా ఒక్కటైంది. అంతకుముందు కాస్త మొహమాటపడి, సంచీ దాచుకుని వెళ్లేవాళ్లు కూడా ఆ తర్వాత సంచీ ఊపుకుంటూ వెళ్లారు. ఆయన దగ్గర కొనకపోవడానికి వాళ్లకు ఒక కారణం కావాలి, ఆయనే అందించాడు.

మామ దుకాణాన్ని కొన్నేళ్లు ఈడ్చుకొచ్చాడు. ముందు గాజులామె మానేసి కూలికి వెళ్లింది. గానుగ ఆగిపోయింది. కొత్త దుకాణంవాడు షట్టరు పక్కనే టీ బల్ల పెట్టించాడు, దాంతో హోటలాయన కూడా పొయ్యి ఆర్పేశాడు. మామ రోడ్డు దాటడం ఆగిపోయింది. తొంభైల మొదట్లో ఒక సంతరోజు సాయంత్రం, మిగిలిన ఉప్పంతా గూడేల వాళ్లకు తలా ఇంత పోసేసి దుకాణం మూసేశాడు. అప్పటి నుంచి లోపలి గదిలో మంచం మీద కూర్చుని వీధి వైపు చూసేవాడు. నేను వెళ్లినప్పుడల్లా ఇప్పుడు ఖమ్మంలో ఉప్పు ఎవరి దగ్గర కొంటున్నావని అడిగేవాడు. మా వీధి చివర ఉన్న ముసలాయన దగ్గరంటే తలూపేవాడు. అంతకు మించి ఆ సంగతి ఎత్తేవాడు కాదు.

ఆయన మూసేశాక కొత్త దుకాణంలో ధరలు పెరిగాయి. ఎవరూ ఏమీ అనలేకపోయారు, అంటే ఎక్కడికి వెళ్తారు? స్టీలు గ్లాసులు ఆగిపోయాయి. కొన్నాళ్లకు లాభం చాలడం లేదని షావుకారు ఆ దుకాణమే ఎత్తేశాడు. ఒకరోజు లారీ వచ్చింది, సరుకు, ట్యూబులైట్లు, చివరికి షట్టరు కూడా విప్పుకుని వెళ్లిపోయింది. ఎవరికీ వీడ్కోలు చెప్పలేదు. ఇప్పుడు మా ఊళ్లో అగ్గిపెట్టె కావాలన్నా వాగు దాటి జూలూరుపాడు వెళ్లాలి. గూడేల వాళ్లు మా ఊరి మీదుగా, ఆ మూసిన తలుపు ముందు నుంచి, ఇంకా అంత దూరం నడుస్తారు.

పోయిన వానాకాలంలో ఆయన పోయాడు. కబురందగానే బయల్దేరి వెళ్లాను. ముసురు పట్టి ఉంది. వాకిట్లో ఊరి పెద్దలంతా ఉన్నారు, ఇలాంటి వాటికి మావాళ్లు ఎప్పుడూ ముందే వస్తారు. సత్తుపల్లి నుంచి అత్తమ్మ తమ్ముడు వచ్చాడు. స్నానం చేయించారు. కప్పడానికి కఫన్ గుడ్డ లేదు. అత్తరు లేదు, అగరొత్తులు లేవు. ఆ ఇంట్లో ఒకప్పుడు తానులు తానులుగా తెల్లగుడ్డ ఉండేది. ఇప్పుడు ఆ ఇంట్లోనే కాదు, ఊళ్లోనే లేదు. జూలూరుపాడు నుంచి తేవాలి. చప్టా మీద నీళ్లు పారుతున్నాయి, బస్సు వస్తుందో రాదో తెలియదు.

పెదనాన్న గొడుగు కింద నిలబడి, "ఏమిటండీ ఇది, ఇంత ఊళ్లో నాలుగు గజాల తెల్లగుడ్డ దొరకదా?" అన్నాడు. ఎవరినో అడిగినట్టు కాదు, విసుగ్గా అన్నాడు.

అత్తమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆమె మగవాళ్ల మధ్య గొంతెత్తగా నేనెన్నడూ వినలేదు. అప్పుడూ ఎత్తలేదు, మామూలుగానే అడిగింది.

"మీ ఇంటామె పోయిననాడు పొద్దు పొడవకముందే మీరొచ్చి తలుపు కొట్టిండ్రు. ఈయన లేసి దుకాణం తీసి గుడ్డ కొలిసిచ్చిండు. ఇయ్యాల ఈయనకు ఎవరి తలుపు కొట్టాలె అయ్యగారూ?"

పెదనాన్న పాలేరును పిలిచి, బస్సు వస్తుందేమో వాగుదాకా వెళ్లి చూసి రమ్మన్నాడు.